పిల్లలు తగ్గడానికి రెండు దారులు: సియోల్‌ది ఒకటి, మనది ఒకటి

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జనాభా విధానం ప్రకటించింది. జననాలు తగ్గాలి, చిన్న కుటుంబమే ముద్దు అన్నది దాని సారాంశం. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. 2024 అక్టోబరులో అదే చంద్రబాబు నాయుడు, మళ్లీ ముఖ్యమంత్రిగా, ఎక్కువమంది పిల్లల్ని కనండి అని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి సంతానం ఉన్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందని కూడా అన్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను మరుసటి నెలలోనే అసెంబ్లీ ఎత్తేసింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ ఇంకాస్త ముందుకెళ్లారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానన్నారు.

నవ్వొస్తుంది గానీ, ప్లేటు ఫిరాయించిన మొదటి ప్రభుత్వం ఇది కాదు. సింగపూర్ 1972లో 'ఇద్దరితో ఆపండి' అంటూ ప్రచారం మొదలుపెట్టి, 1987కల్లా 'స్తోమత ఉంటే ముగ్గురిని, ఇంకా ఎక్కువమందిని కనండి' అనేసింది. జనం మొదటి మాట విన్నారు, రెండో మాట వినలేదు. 2023లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఒకటికంటే కూడా తక్కువ, 0.97.

ఇప్పుడు మన టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వినిపించే మాట ఒకటే: 'ఇలాగే పోతే మనమూ కొరియా అయిపోతాం.' అంకెలు మాత్రమే చూస్తే ఆ భయం సహజమే. కానీ దక్షిణ కొరియా (దాని రాజధానే సియోల్) అక్కడికి చేరిన దారి వేరు, మనం ఇక్కడికి వచ్చిన దారి వేరు. నిజం చెప్పాలంటే రెండూ దాదాపు ఎదురెదురు దారులు. ఈ తేడా పట్టించుకోకపోతే సమస్య ఏమిటో తెలియదు, మందు ఏమిటో అసలే తెలియదు.

ఆ అంకె వెనక లెక్క

చర్చంతా తిరిగేది సంతానోత్పత్తి రేటు అనే అంకె చుట్టూ. ఒక స్త్రీ జీవితకాలంలో సగటున ఎంతమందిని కంటుందో చెప్పే లెక్క ఇది. 2.1 ఉంటే జనాభా నిలకడగా ఉంటుంది. తల్లిదండ్రుల స్థానంలోకి ఇద్దరు రావాలి కాబట్టి రెండు. మగపిల్లలు కాస్త ఎక్కువ పుడతారు, పుట్టినవాళ్లలో కొందరు పెద్దయ్యేలోపే పోతారు కాబట్టి ఆ పైన పాయింట్ ఒకటి.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశ సగటు 2.0. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, బిహార్‌లో 3.0. దక్షిణ కొరియాలో 2023లో 0.72, ఆ మరుసటి ఏడాది 0.75.

1.7కీ 0.72కీ మధ్య ఒకటే కదా తేడా అనిపిస్తుంది. సగం మంది ఆడవాళ్లు, సగం మంది మగవాళ్లు ఉన్న వందమంది ఊరిని ఊహించుకోండి. 1.7 చొప్పున కంటే వాళ్ల పిల్లలు 85 మంది, మనవలు 72, మునిమనవలు 61. మెల్లగా జరిగే పని, సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. అదే 0.72 చొప్పున అయితే పిల్లలు 36 మంది, మనవలు 13, మునిమనవలు నలుగురో అయిదుగురో. ఊరు ఊరే మాయం. అందుకే కొరియా పరిస్థితికీ మన పరిస్థితికీ ఒకే పేరు పెట్టడం సరికాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రేటు పడిపోయిన వెంటనే జనాభా తగ్గదు. ఎక్కువమంది పుట్టిన కాలంలో పుట్టినవాళ్లు ఇప్పుడు కనే వయసులో ఉంటారు కాబట్టి, ఒక్కొక్కరూ తక్కువ కన్నా మొత్తం పుట్టుకలు కొన్నేళ్లు బాగానే ఉంటాయి. జపాన్ 1970ల మధ్యలోనే 2.1 కిందికి దిగింది, జనాభా తగ్గడం మొదలైంది మాత్రం 2008 తర్వాత. చైనా 1990ల మొదట్లో దిగింది, తగ్గుదల కనిపించింది 2022లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ గీత దాటింది ఈ శతాబ్దం మొదట్లో. అదే లెక్కన మనకు దాని బరువు 2030ల తర్వాతే తెలుస్తుంది. ఇప్పుడు రోడ్ల మీద ట్రాఫిక్ చూసి 'జనం తగ్గడమేంటి!' అని కొట్టిపారేసేవాళ్లకు జవాబు ఇదే.

అన్నిచోట్లా ఒకేసారి ఎందుకు?

1960ల్లో ప్రపంచ సగటు అయిదు దగ్గర ఉండేది. ఇప్పుడు రెండూ పావు. ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం ప్రపంచ జనాభా 2080ల మధ్యలో 1,030 కోట్ల దగ్గర ఆగి, అక్కణ్నుంచి తగ్గుతుంది. ఆఫ్రికాలో సహారా దిగువ దేశాలు ఇంకా నాలుగు పైనే ఉన్నా, అవీ దిగే దారిలోనే ఉన్నాయి.

ఇది ఫలానా మతం వల్లో, ఫలానా ప్రభుత్వం వల్లో జరిగిందని చెప్పలేం. ఆయతొల్లాల పాలనలోని ఇరాన్‌లో 1980ల మధ్యలో ఆరు దాటిన రేటు, 2000 నాటికి రెండు దగ్గరికి వచ్చింది. అంత వేగంగా పడిపోయిన దేశాలు చరిత్రలో చాలా తక్కువ. క్యాథలిక్ దేశమైన బ్రెజిల్‌లో ప్రభుత్వం 'తగ్గించండి' అని ఉద్యమమేమీ నడపలేదు. అయినా 1960లో ఆరు పైన ఉన్నది 2000 నాటికి 2.3 అయింది.

వీటన్నిటిలో ఉమ్మడిగా కనిపించేవి మూడు నాలుగున్నాయి. మొదటిది, పుట్టిన పిల్లలు బతకడం. 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 70 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 30. అయిదుగురిని కంటే ముగ్గురు దక్కుతారేమో అన్న భయం పోతే, అయిదుగురిని కనే అవసరమూ పోతుంది. రెండోది గర్భనిరోధం చేతికందడం. మూడోది ఆడపిల్లల చదువు. నాలుగోది డబ్బు లెక్క: పొలంలో పనికొచ్చే చెయ్యిగా ఉన్న పిల్లవాడు ఇరవై ఏళ్లపాటు ఫీజులు కట్టాల్సిన ఖర్చుగా మారడం.

వీటి పక్కన నేను టీవీని కూడా నిలబెడతాను. బ్రెజిల్‌లో గ్లోబో అనే టీవీ సంస్థ సీరియళ్లు ఏయే ప్రాంతాలకు ఎప్పుడు చేరాయో చూసి, అక్కడి జననాల లెక్కతో పోల్చారు ఆర్థికవేత్తలు. సిగ్నల్ అందిన చోట పుట్టుకలు తగ్గాయి. ఆ సీరియళ్లలో హీరోయిన్లకు పిల్లలు లేకపోవడమో, ఒక్కరే ఉండటమో మామూలు. మన దేశంలోనూ 2000ల మొదట్లో తమిళనాడు, బిహార్‌తో సహా కొన్ని రాష్ట్రాల పల్లెల్లో ఇలాంటి పరిశీలన జరిగింది. కేబుల్ వచ్చిన ఊళ్లలో 'కొడుకే కావాలి' అనే పట్టుదల సడలింది, మొగుడు కొడితే తప్పేముంది అనేవాళ్లు తగ్గారు, పిల్లలూ తగ్గారు. మన సీరియళ్లలో ఉన్నవి ఉమ్మడి కుటుంబాలే కదా అంటారేమో. ఒకసారి గమనించండి, ఆ ఇంట్లో అత్తలూ తోడికోడళ్లూ ఎంతమందైనా ఉంటారు, చిన్నపిల్లలు మాత్రం ఒకరో ఇద్దరో.

సియోల్ దారి

1960లో కొరియా స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు. 1962 నుంచి ప్రభుత్వం కుటుంబ నియంత్రణను ఉద్యమంలా నడిపింది. 1983లోనే 2.1 కిందికి దిగినా, 'తగ్గించండి' అనే విధానాన్ని అధికారికంగా వదిలేసింది 1996లో. ఆ తర్వాత పదేళ్లకు, అంటే 2006లో, 'కనండి' అంటూ కొత్త ప్రణాళిక. అప్పట్నుంచి ఖర్చుపెట్టింది 280 లక్షల కోట్ల వాన్లకు (వాన్ అక్కడి కరెన్సీ) పైమాటే. రేటు మాత్రం 2023 దాకా కిందికే.

కొరియాలో అసలు ఆగిపోయింది పిల్లలు కాదు, పెళ్లిళ్లు. అక్కడ పెళ్లి కాకుండా బిడ్డను కనడం ఇప్పటికీ చాలా అరుదు, పుట్టే వందమందిలో అయిదారుగురు మాత్రమే అలా పుడతారు. ఫ్రాన్స్‌లో, స్వీడన్‌లో సగానికి పైగా అలాగే పుడతారు. కాబట్టి కొరియాలో పెళ్లి లేదంటే బిడ్డ లేనట్టే. 2013లో అక్కడ 3.2 లక్షల పెళ్లిళ్లు జరిగాయి, 2023లో 1.9 లక్షలు. చేసుకున్నవాళ్లు కూడా ఆలస్యంగా చేసుకుంటున్నారు. మొదటి బిడ్డ పుట్టేసరికి తల్లి సగటు వయసు 33.

ఎందుకు చేసుకోరు? పెళ్లంటే ముందు ఇల్లు చూపించాలి, అదీ సియోల్‌లోనో చుట్టుపక్కలో. అక్కడి ఇళ్ల ధరలు ఉద్యోగంలో చేరిన కుర్రాడికి అందవు. ఇక అమ్మాయిల వైపు నుంచి చూస్తే, కాలేజీలకు వెళ్లడంలో వాళ్లు అబ్బాయిల్ని దాటేశారు. ఉద్యోగంలో మాత్రం సంపన్న దేశాలన్నిటిలోకీ ఆడ మగ జీతాల తేడా ఎక్కువున్నది కొరియాలోనే, దాదాపు మూడో వంతు. ఇంటికొస్తే, ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో కూడా మొగుడు చేసే ఇంటిపని 2019 సర్వేలో రోజుకు గంట లోపే. బిడ్డ పుడితే ఉద్యోగం పోయేది ఎవరిదో ఆమెకు ముందే తెలుసు. ఆమె లెక్క చాలా సూటిగా ఉంది, దాన్ని స్వార్థం అనడం నాకు నచ్చదు.

వీటికి తోడు హాగ్వాన్‌లు, అంటే ప్రైవేటు కోచింగ్ సెంటర్లు. బడి పిల్లల్లో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఏదో ఒక ట్యూషన్‌కు వెళ్తారు. 2023లో కుటుంబాలు వాటికి పోసింది 27 లక్షల కోట్ల వాన్లు. రాత్రి పది తర్వాత హాగ్వాన్‌లు నడపకూడదని సియోల్ నగరం రూలు పెట్టాల్సి వచ్చింది. మన ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామున లేపి కూర్చోబెట్టే స్టడీ అవర్లు తెలిసినవాళ్లకు ఇదేమీ వింతగా ఉండదు.

మన దారి

ఇప్పుడు ఆంధ్ర సంగతి. ఇది నిజంగా వింత కథ, దీనికి దక్కాల్సినంత ప్రచారం దక్కలేదు.

జననాలు తగ్గడం గురించి ఎక్కడ మాట్లాడినా కేరళను చూపిస్తారు. ఆడవాళ్లు చదువుకున్నారు, ఆరోగ్యం బాగుపడింది, పిల్లలు తగ్గారు. పాఠం బాగుంది. మరి 1991లో కేరళలో స్త్రీల అక్షరాస్యత 86 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 33 శాతం లోపే. చదివింది మూడో వంతు ఆడవాళ్లు మాత్రమే. ఆదాయమూ అంతంతమాత్రం. అలాంటి రాష్ట్రంలో 1992-93లో 2.6 ఉన్న రేటు 1998-99కి 2.25కి, 2005-06కి 1.79కి పడింది. పాఠ్యపుస్తకం చెప్పిన షరతులేవీ నెరవేరకుండానే ఫలితం వచ్చేసింది. జనాభా శాస్త్రవేత్తలు తలలు గోక్కున్నారు.

ఇంకా వింతేమిటంటే, పెళ్లి వయసు కూడా పెద్దగా పెరగలేదు. 2019-21 సర్వేలో 20-24 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో 23 మందికి పైగా. కొరియా అమ్మాయి పెళ్లే వద్దంటుంటే, ఇక్కడ దాదాపు అందరికీ పెళ్లవుతుంది, అదీ చిన్న వయసులో.

మరి పిల్లలు ఎలా తగ్గారు? పద్దెనిమిదికి అటూ ఇటూ పెళ్లి, ఏడాది తిరిగేలోపు మొదటి బిడ్డ, మరో రెండేళ్లకు రెండో బిడ్డ, ఆ కాన్పుతోనే ఆపరేషన్. పాతికేళ్లు నిండేలోపు అంతా అయిపోతుంది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ట్యూబెక్టమీ అయింది. దేశంలో ఇదే ఎక్కువ. తెలంగాణలో 62 శాతం దాకా. మాత్రలు, లూప్, నిరోధ్ లాంటి తాత్కాలిక పద్ధతులు వాడేవాళ్లు లెక్కలోకి రానంత తక్కువ. మగవాళ్ల ఆపరేషన్ల సంగతి అడగక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒక్కరు కూడా లేరు.

మగవాళ్ల ఆపరేషన్‌కు ఒకప్పుడు ఈ గతి లేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 60 లక్షలకు పైగా మగవాళ్లకు వేసెక్టమీలు చేశారు, చాలాచోట్ల బలవంతంగా. ఎన్నికల్లో దాని దెబ్బ తగిలాక ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి పోలేదు. భారమంతా ఆడవాళ్ల మీద పడింది. ప్రైమరీ హెల్త్ సెంటర్లలో క్యాంపులు, నర్సమ్మలకు టార్గెట్లు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కొంత నగదు. టార్గెట్లను 1996లో దేశమంతా ఎత్తేశారు గానీ, అప్పటికే ఇది పల్లె అలవాటుగా స్థిరపడిపోయింది. రెండో కాన్పుకు ఆస్పత్రికి తీసుకెళ్తూనే 'ఆపరేషన్ కూడా చేయించుకొచ్చేయ్' అని అత్తగారు చెప్పడం ఇక్కడ మామూలు మాట. మగవాళ్లు చేయించుకోరా అంటే, బరువు పనులు చేసుకునేవాడికి ఎలా కుదురుతుంది అంటారు. నాట్లకు, కలుపుకు వంగి పనిచేసే ఆడమనిషికి మాత్రం ఎలా కుదురుతుందో ఎవరూ అడగరు.

దీనికి ఇంకో చీకటి కోణం ఉంది. గర్భసంచి తీయించుకున్నవాళ్లు 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, మన రెండు రాష్ట్రాల్లో ఎనిమిది, తొమ్మిదిమంది. ఎక్కువమందికి నలభై దాటకుండానే. 'పిల్లలు పుట్టడం అయిపోయింది కదా, ఇంకెందుకు?' అనే మాట డాక్టర్ నోటా, ఇంట్లోవాళ్ల నోటా వినిపిస్తుంది. ముప్పై ఏళ్లకే ఒక స్త్రీ శరీరాన్ని పని అయిపోయిన లెక్కలో వేసేశాం. మన 1.7 వెనక ఇది కూడా ఉంది.

ఆపరేషన్ అనేది పనిముట్టు మాత్రమే, ఇద్దరు చాలనే కోరిక ఎక్కణ్నుంచి వచ్చింది అన్నది అసలు ప్రశ్న. 1983 నాటి రెండు రూపాయల బియ్యం పేదింటికి కాస్త ధీమా ఇచ్చిందని కొందరు, నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, తర్వాత డ్వాక్రా సంఘాలు ఆడవాళ్ల మాటకు విలువ తెచ్చాయని కొందరు వాదించారు. అన్నిటిలోనూ కొంత నిజం ఉంది. నేనైతే బడి వైపే మొగ్గుతాను. తాను బడి మెట్లెక్కని తల్లి, తన పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేయాలని తీర్మానించుకుంది. పచ్చటి స్కూల్ బస్సు ఊళ్లోకి వచ్చిన రోజునే నలుగురు పిల్లల కుటుంబానికి కాలం చెల్లింది. ఎకరం అమ్మి ఒకణ్ని ఇంజినీరింగ్ చదివించవచ్చు, ఇంకో ఎకరంతో ఇంకొకరిని. మూడోవాడికి ఎకరం లేదు. గోడల మీద 'చిన్న కుటుంబం చింతలేని కుటుంబం' అని ప్రభుత్వం రాయించింది నిజమే, కానీ జనం నమ్మింది ఫీజు రసీదుని.

కొరియాకూ మనకూ పోలిక నిజంగా ఉన్నది ఇక్కడే. హాగ్వాన్ భయం, కార్పొరేట్ కాలేజీ ఫీజు భయం ఒకే జాతివి. అక్కడ ఆ భయం పెళ్లికి ముందే పనిచేసి పెళ్లిని ఆపుతుంది. ఇక్కడ పెళ్లయ్యాక పనిచేసి మూడో బిడ్డను ఆపుతుంది.

దారులు కలిసే చోటు

ఇప్పటిదాకా చెప్పింది పల్లె, చిన్న పట్నం కథ. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో, విశాఖ, విజయవాడల్లో, బెంగళూరు నుంచి డల్లాస్ దాకా స్థిరపడిన తెలుగువాళ్లలో నడుస్తున్నది వేరే కథ. అమ్మాయి బీటెక్, ఉద్యోగం, ఎంఎస్, వీసా. పెళ్లి ముప్పైకి అటూ ఇటూ. తర్వాత ఒక బిడ్డ, 'ఇక చాలు'. మన పట్నాల్లో ప్రభుత్వాస్పత్రిలో పాతికేళ్ల అమ్మాయికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తుంటే, నాలుగు వీధుల అవతల ముప్పై అయిదేళ్ల ఆమెకు పిల్లలు పుట్టేలా చూస్తామని ఫెర్టిలిటీ సెంటర్ హోర్డింగులు వెలుగుతుంటాయి. ఒకే జిల్లాలో ఆంధ్ర దారి, సియోల్ దారి పక్కపక్కనే నడుస్తున్నాయన్నమాట. 1.7 అనేది ఈ రెంటి సగటు.

అమ్మాయిల కొరతలోనూ మనకు కొరియా పోలిక ఉంది. మామూలుగా ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు 950 మంది దాకా ఆడపిల్లలు పుట్టాలి. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 934, తెలంగాణలో 894 అని తేలింది. తక్కువమందిని కనాలి, అందులో ఒక కొడుకు ఉండి తీరాలి అనే రెండు కోరికలు కలిస్తే స్కానింగ్ సెంటర్లలో జరిగేది ఇదే. కొరియాలో 1990లో వంద మంది ఆడపిల్లలకు 116 మందికి పైగా మగపిల్లలు పుట్టారు. ఆ దేశం తర్వాత దాన్ని సరిచేసుకోగలిగింది, దాదాపు 2007 నాటికి లెక్క మామూలైంది. ఈలోపు పల్లెటూరి మగవాళ్లకు పిల్ల దొరకలేదు. 2000ల మధ్యలో అక్కడి రైతులు, జాలర్ల పెళ్లిళ్లలో మూడో వంతు దాకా వియత్నాం లాంటి దేశాల నుంచి వచ్చిన అమ్మాయిలతో జరిగినవే. వ్యవసాయం చేసే కొడుక్కి పిల్లనివ్వట్లేదని మన పల్లెల్లో మొత్తుకునే తల్లిదండ్రులకు ఈ కథ కొత్తగా అనిపించదు.

చుట్టరికాల సంగతి కూడా చూడాలి, ఎందుకంటే అంకెల కంటే ముందు మార్పు తెలిసేది అక్కడే. తల్లికి అన్నదమ్ముడు లేకపోతే పిల్లకు మేనమామ లేడు. పెళ్లికూతుర్ని బుట్టలో మండపానికి తెచ్చేది ఎవరు? ఇద్దరు పిల్లల కుటుంబాల్లో ఇద్దరూ ఆడపిల్లలే అయితే ఈ ప్రశ్న వస్తుంది. ఒక్క బిడ్డ కుటుంబాల్లో ఇక అనుమానమే లేదు: మేనమామ లేడు, పెద్దమ్మ లేదు, బాబాయి లేడు, మేనత్త లేదు. వరసకు ఎవరో ఒకరిని పిలిచి బుట్ట పట్టిస్తున్నారు, పనిలో పనిగా ఈవెంట్ మేనేజర్ నలుగురు కుర్రాళ్లను కూడా పెడుతున్నాడు. దక్షిణాది పెళ్లిళ్లకు ప్రత్యేకమైన మేనరికం కూడా ఇలాగే సన్నబడుతోంది. జన్యు సమస్యలొస్తాయన్న డాక్టర్ల మాట ఒక కారణమైతే, చేసుకోవడానికి బావ గానీ మరదలు గానీ లేకపోవడం ఇంకో కారణం. ఆస్తి తగాదాలూ తగ్గుతాయి కదా అని ఒక పెద్దమనిషి అనగా విన్నాను. ఆయనకు నలుగురు అన్నదమ్ములు, అనుభవం మీద చెప్పినట్టున్నాడు.

పనిచేసే చేతుల కొరతను మాత్రం దేశమే పూడుస్తోంది. 3.0 ఉన్న బిహార్ నుంచి తెలంగాణ రైస్ మిల్లులకు, నాట్లకు, హైదరాబాద్ బిల్డింగు పనులకు మనుషులొస్తున్నారు. ఒడిశా నుంచి గోదావరి జిల్లాల చెరువులకు, ఇటుక బట్టీలకు వస్తున్నారు. కొరియాకు, జపాన్‌కు ఈ వెసులుబాటు లేదు, బయటి దేశస్థులను రానివ్వాలంటే అక్కడ పెద్ద రాజకీయం. కానీ మనకూ ఇది శాశ్వతం కాదు. బిహార్ రేటు కూడా దిగుతోంది.

సీట్ల గొడవ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. లోక్‌సభ స్థానాలను ఏ రాష్ట్రానికి ఎన్ని అన్నది ఇప్పటికీ 1971 జనాభా లెక్క మీదే నడుస్తోంది. ఆ కట్టు 2026 తర్వాత వచ్చే మొదటి జనగణనతో విప్పుకోవచ్చని రాజ్యాంగంలో ఉంది. జనాభా అదుపు చేసిన దక్షిణాదికి శిక్షా అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఒక మాట, సీట్ల కోసం పిల్లల్ని కనమనడం చాలా వంకర వాదన.

డబ్బిస్తే కంటారా?

ప్రభుత్వాలు రకరకాలుగా ప్రయత్నించాయి. రొమేనియా నియంత చౌషెస్కు 1966లో గర్భస్రావాలను నిషేధించాడు. మరుసటి ఏడాది రేటు 1.9 నుంచి 3.7కి ఎగిరింది, కొన్నేళ్లకే మళ్లీ దిగడం మొదలైంది. దొంగచాటు గర్భస్రావాల్లో వేలమంది ఆడవాళ్లు చనిపోయారు. హంగరీ పద్ధతి వేరు, నలుగురు పిల్లలున్న తల్లులకు జీవితాంతం ఇన్‌కమ్ ట్యాక్స్ మాఫీ చేసింది. రేటు 1.6 దాకా పెరిగి మళ్లీ 1.4 లోపుకు వచ్చింది. కొరియా లెక్క పైన చూశాం.

ఆంధ్రలో ఈ ప్రయత్నానికి ఒక ప్రత్యేకమైన అడ్డు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మూడో బిడ్డకు నగదు అంటే వినేవాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. మళ్లీ కనాలంటే ట్యూబులు తిరిగి కలిపే ఇంకో ఆపరేషన్ కావాలి. అది ఖరీదైంది, ఫలిస్తుందన్న గ్యారంటీ లేదు. ముప్పై ఏళ్లపాటు తలుపుకు తాళం వేసి తాళంచెవి పారేసే పద్ధతినే ప్రోత్సహించి, ఇప్పుడు తలుపు తీయమంటే ఎలా? ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీ చేయకూడదన్న 1994 పంచాయతీరాజ్ చట్టం కాలంలో సర్పంచ్ పదవి పోతుందని మూడో బిడ్డను చుట్టాలకు దత్తత ఇచ్చినట్టు కాగితాలు రాయించినవాళ్లున్నారు. పదవి కోసం బిడ్డను దాచినట్టే, రేపు పదవి కోసం బిడ్డను చూపించే కాగితాలూ పుడతాయి.

ప్రోత్సాహకం ఏదైనా తాకేది ఇప్పుడిప్పుడే పెళ్లవుతున్న తరాన్ని. వాళ్ల దగ్గర చర్చ మూడో బిడ్డ గురించి కాదు, రెండో బిడ్డ గురించి. ఉద్యోగం చేసే అమ్మాయి మొదటి కాన్పు తర్వాత ఆఫీసుకు ఎలా వెళ్లింది, బిడ్డను చూడటానికి ఎవరున్నారు, అమ్మమ్మ ఊరి నుంచి వచ్చి ఎన్ని నెలలు ఉండగలిగింది, క్రెష్ ఫీజు ఎంత, మేనేజర్ ప్రమోషన్ లిస్టులోంచి పేరు తీసేశాడా అన్నవే రెండో బిడ్డ సంగతి తేలుస్తాయి. పల్లెలో ఇద్దరు అనే కట్టుబాటు ఇంకా గట్టిగానే ఉంది. పట్నంలో అది ఒకటికి జారుతోంది, పల్లె అమ్మాయిలు చదువుకుని పట్నానికే వస్తున్నారు. కాబట్టి రాబోయే సర్వేల్లో, 2027 జనగణనలో చూడాల్సింది మూడో కాన్పులు ఎన్ని పెరిగాయన్నది కాదు. ఒక బిడ్డతో ఆగిన తల్లులు ఎంతమంది, వాళ్లలో ఎంతమంది ఆగాలనుకుని ఆగారు, ఎంతమంది ఆగక తప్పక ఆగారు అన్నది.